ఐర్లండులో అద్దె ఇల్లు



బిడ్డ నర్సు ఉద్యోగానికో, పైచదువుకో ఐర్లండు వెళ్తుందంటే మనం మొదట అడిగేది జీతం గూర్చి. అద్దె ఎంతని అడిగేవారు తక్కువ. డబ్లిన్ నగరంలో కొత్తగా ఇల్లు తీసుకుంటే అద్దె సగటున నెలకు 2,000 యూరోలు దాటింది. ఎందుకింత?

'వలస వచ్చినవారి వల్లే' అని అక్కడ కొందరంటారు. ఈ మాటలో నిజమెంతో చూద్దాం.

1845లో మొదలైన బంగాళాదుంపల కరువులో ఆ దీవిలో పది లక్షల మంది మరణించారు, అంతకంటె ఎక్కువమంది ఓడలెక్కారు. తరతరాలు బిడ్డలను పరదేశాలకు పంపిన దేశమది. 2022 జనగణనలో ఐర్లండు జనాభా 51 లక్షలు. 1851 తరువాత 50 లక్షలు దాటడం అదే మొదలు. 2024 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదిలో 1,49,200 మంది వచ్చారు, సుమారు 70,000 మంది వెళ్ళిపోయారు. వచ్చినవారిలో 30,000 మంది తిరిగి వచ్చిన ఐరిష్ వారేనని గమనించండి.

జనం పెరిగితే ఇళ్ళకు గిరాకీ పెరుగుతుంది. అది లెక్క, దానిని కాదనలేము. కాని ఇళ్ళేవి? 2008లో బ్యాంకులు దెబ్బతిని నిర్మాణాలు ఆగిపోయాయి. మేస్త్రీలు, వడ్రంగులు పని వెదుక్కుంటూ ఆస్ట్రేలియా, కెనడా వెళ్ళారు. 2013లో దేశమంతా కలిపి 5,000 ఇళ్ళు కూడా పూర్తికాలేదు. పేదలకు ప్రభుత్వం కట్టించే ఇళ్ళు దాదాపు నిలిచిపోయాయి. 2022 నాటికే రెండు లక్షలకు పైగా ఇళ్ళు తక్కువయ్యాయని ప్రభుత్వం నియమించిన గృహ కమిషన్ 2024లో తేల్చింది. 2024లో పూర్తయినవి సుమారు 30,000. పాత బాకీ తీరేదెప్పుడు?

బాకీ చేసినవారొకరు, తిట్లు తినేవారొకరు. 2023 నవంబరు 23న డబ్లిన్‌లో వలసదారులపై ద్వేషంతో అల్లరిమూకలు బస్సులు తగులబెట్టాయి. అక్కడి ఆసుపత్రులలో మన దేశపు, ఫిలిప్పీన్సు నర్సులు ఎందరో పనిచేస్తున్నారు. నిలువ నీడలేని యువకుల కోసం 1983లో సంస్థ స్థాపించిన యేసు సభ గురువులు పీటర్ మెక్‌వెర్రీ వలసదారులను నిందించలేదు. ఇళ్ళు కట్టించవలసింది ప్రభుత్వమేనని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు.

ఇక ప్రయాణమయ్యే బిడ్డలకు ఒక మాట. 2021 నాటి చట్టం ప్రకారం ఇంటి యజమాని మొదట అడగదగినది ఒక నెల అద్దె, ఒక నెల డిపాజిట్ మాత్రమే. ఇల్లు కళ్ళారా చూడకముందే డబ్బు పంపమనే వారుంటారు. పంపకండి. దిగిన మొదటి వారాలకు ఎక్కడ ఉండాలో మాత్రం విమానం టికెట్టు కొనకముందే తేల్చుకోండి.