త్రిశంకు సభ - ప్రజల మాట

ఎన్నికలలో ఒక పక్షము గెలుచుట, మరియొక పక్షము ఓడుట మనమందరము ఎరిగిన విషయమే. కాని ఎవ్వరును పూర్తిగా గెలువని ఎన్నికలు కూడ కలవు. అట్టి ఫలితము వచ్చినపుడు ప్రజలు ఏమనుకొందురు? వారి తలంపులలో ఏది సరియైనది, ఏది కానిది? ఈ విషయమును విచారించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. పై తరగతుల విద్యార్థులు కొలది సంవత్సరములలో ఓటు హక్కును పొందగలరు. తలిదండ్రులు ఇప్పటికే ఆ హక్కు గలవారు. కావున ఇది ఇరువురకును పనికివచ్చునని తలంచి వ్రాయుచున్నాము.

మాటలోని భావము

ఏ పక్షమునకును సగమునకు మించిన స్థానములు రాని సభను తెలుగు పత్రికలు 'త్రిశంకు సభ' యని వ్రాయుచుండును. 'హంగ్' అను ఇంగ్లీషు మాటయు వాడుకలో నున్నది. జిగణిలో మన చుట్టును వినవచ్చు కన్నడమున దీనిని 'అతంత్ర' సభ యందురు. పట్టు లేనిది, స్థిరము కానిది అని దాని భావము. హోసూరు వైపు పోయినచో తమిళులు 'తొంగు' సభ యందురు, అనగా వ్రేలాడునది. ఇంగ్లీషు మాటకును అర్థమదియే.

తెలుగువారు మాత్రము ఒక కథనే పేరుగా పెట్టుకొనిరి. త్రిశంకు మహారాజు బొందితో స్వర్గమునకు పోగోరెను. విశ్వామిత్రుడు తన తపోబలముచే నతనిని పైకి పంపెను. ఇంద్రుడు క్రిందికి త్రోసెను. పడిపోవుచున్న రాజును విశ్వామిత్రుడు నిలువుమనగా, అతడు తలక్రిందుగా నడుమనే నిలిచిపోయెను. ఆ రాజును నడుమ నిలిపినది ఇద్దరు సమర్థుల పంతము. త్రిశంకు సభ విషయమునను అంతే. ఓటర్లు తమ పని తాము ముగించిరి. ఆ పిమ్మట కార్యము నిలిచిపోయినచో, దానికి పైవారి పంతములే కారణము. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

మన రాష్ట్రమున 2018

2018 మే 12వ తేదీన కర్ణాటక విధానసభకు ఎన్నికలు జరిగెను. సభలో 224 స్థానములు కలవు గాని, ఆనాడు 222 స్థానములకే పోలింగు జరిగినది. ఆనేకల్ నియోజకవర్గము అందులో నొకటి. మే 15న ఫలితములు వెలువడెను. భారతీయ జనతా పక్షమునకు 104, కాంగ్రెసునకు 78, జనతాదళ్ సెక్యులర్ పక్షమునకు 37, ఇతరులకు 3 స్థానములు వచ్చెను. సగమునకు మించవలెనన్నచో 112 కావలెను. ఎవ్వరికిని అంత బలము లేదు.

ఓట్ల లెక్క మరియొక విధముగా నుండెను. కాంగ్రెసునకు సుమారు 38 శాతము, భారతీయ జనతా పక్షమునకు 36 శాతము, జనతాదళ్‌కు 18 శాతము ఓట్లు లభించినవి. ఎక్కువ ఓట్లు వచ్చిన పక్షమునకు తక్కువ స్థానములు వచ్చుట ఎట్లని విద్యార్థులు అడుగుదురు. దీనికొక చిన్న లెక్క చాలును. ఒక తరగతికి మూడు విభాగములు. ఒక్కొక్కదానిలో 40 మంది బాలురు. మొదటి విభాగమున రామునకు 38, సోమునకు 2 ఓట్లు వచ్చినవి. తక్కిన రెంటను రామునకు పదునెనిమిదేసి, సోమునకు ఇరువది రెండేసి వచ్చినవి. మొత్తము మీద రామునకు 74, సోమునకు 46. అయినను సోముడు రెండు విభాగములు గెలిచెను, రాముడు ఒక్కటియే. మన దేశమునను, బ్రిటనునను ఎన్నికల పద్ధతి ఇదియే.

పిమ్మట జరిగిన కథ వేగముగా నడిచెను. కాంగ్రెసు, జనతాదళ్ కలిసి శ్రీ హెచ్.డి. కుమారస్వామిని నాయకునిగా ప్రకటించెను. గవర్నరు శ్రీ వజూభాయి వాలా మాత్రము పెద్ద పక్షపు నాయకుడైన శ్రీ బి.ఎస్. ఎడియూరప్పను ఆహ్వానించి, బలము చూపుటకు 15 దినముల గడువు ఇచ్చెను. మే 16 రాత్రి గడిచి 17 తెల్లవారువరకు సుప్రీము కోర్టు ఈ వాదమును వినెను. ప్రమాణ స్వీకారమును ఆపలేదు. కాని మరునాడు ఆ గడువును తగ్గించి, 19వ తేదీ సాయంకాలము 4 గంటలకే సభలో బలము చూపవలెనని ఆజ్ఞాపించెను. ఓటింగునకు ముందే ఎడియూరప్ప రాజీనామా ఇచ్చెను. మే 23న కుమారస్వామి ముఖ్యమంత్రి యయ్యెను.

మూడు విధములైన మాటలు

ఆ దినములలో జనులు పలికిన మాటలను మూడు తెగలుగా విభజింపవచ్చును.

మొదటిది: 'పెద్ద పక్షమే పాలింపవలెను' అనునది. వినుటకు న్యాయముగానే యుండును. కాని రాజ్యాంగము 164వ అధికరణమున మంత్రివర్గము సమష్టిగా విధానసభకు బాధ్యత వహింపవలెనని చెప్పినది; పెద్ద పక్షమునకే పదవి యని చెప్పలేదు. సభ విశ్వాసము ఎవరికి గలదో వారే పాలింపవలెను. ఆ విశ్వాసమును రాజభవనమున గాక సభలోనే తేల్చవలెనని 1994లో సుప్రీము కోర్టు స్పష్టము చేసెను. ఆ తీర్పు మన రాష్ట్రపు పూర్వ ముఖ్యమంత్రి శ్రీ ఎస్.ఆర్. బొమ్మై పేరుతోనే దేశమంతటను ప్రసిద్ధము.

రెండవది: 'ఎన్నికలలో ఒకరినొకరు తిట్టుకొని, తరువాత చేతులు కలుపుట మోసము' అనునది. చట్టము దీనిని నిషేధింపలేదు. అయినను ఓటరునకు ప్రశ్నించు హక్కు కలదు. ఏ షరతులపై కలిసిరి, ఏ వాగ్దానములు విడిచిరి అని అడుగుట న్యాయమే.

మూడవది: 'మన ఓటు వృథా యైనది, ఎవరు వచ్చినను ఒకటే' అనునది. శాసనసభ్యులను బిడది దగ్గరి విడిదిలో నుంచి, ఆపై రాత్రికి రాత్రి హైదరాబాదునకు తరలించిన వార్త విన్నవారు ఇట్లు నిట్టూర్చుట సహజమే. హాస్యమునకును కొరత లేకపోయెను. ఇంతమంది సభ్యులు నా దగ్గరనే యున్నారు గనుక నేనే ప్రభుత్వమును స్థాపింతునని విడిది యజమాని అన్నట్లు ఒక పరిహాసము చేతి ఫోనులలో దేశమంతయు తిరిగెను. సుప్రీము కోర్టు న్యాయమూర్తి ఒకరు విచారణలోనే దానిని ప్రస్తావించిరి. నవ్వుకొనుట తప్పు కాదు. కాని నవ్వు నిరాశగా మారినచో అది కీడు. ఈ మూడవ మాటయే మిక్కిలి ప్రమాదకరమని మా అభిప్రాయము.

తెలుగువారి పూర్వానుభవము

ఇట్టి అనుభవము తెలుగువారికి క్రొత్త కాదు. 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో, తెలుగు జిల్లాలు కూడ చేరియున్న మదరాసు రాష్ట్రమున కాంగ్రెసునకు 375 స్థానములలో 152 మాత్రమే వచ్చెను. ఇతర పక్షములు శ్రీ టంగుటూరి ప్రకాశము పంతులును నాయకునిగా ఎన్నుకొని ఐక్య కూటమిగా నేర్పడెను. గవర్నరు శ్రీప్రకాశ, ఎన్నికలలో నిలువని శ్రీ రాజగోపాలాచారిని శాసనమండలికి నియమించి, ఆయననే ముఖ్యమంత్రిగా ఆహ్వానించెను. ఇది న్యాయమా యని అప్పుడును వాదములు చెలరేగెను. వ్యవహారము హైకోర్టు వరకు పోయెను. తుదకు ఆ యేడు జూలై 3న సభలో 200 ఓట్లతో రాజాజీ విశ్వాసమును పొందెను. వ్యతిరేకముగా 151 ఓట్లు వచ్చెను. గవర్నరు పిలిచిన తీరును ఒప్పినవారు కలరు, ఒప్పనివారు కలరు. అయినను లెక్క తేలినది సభలోనే.

బ్రిటనులో 2010

మనకు ఈ పద్ధతిని నేర్పిన బ్రిటనునందును ఇట్టివి జరిగినవి. 2010 మే 6న జరిగిన ఎన్నికలలో 650 స్థానములకు గాను కన్సర్వేటివులకు 306, లేబరునకు 258, లిబరల్ డెమోక్రాటులకు 57 వచ్చెను. ఐదు దినములు సంప్రతింపులు జరిగెను. అంతవరకు పాత ప్రధాని గోర్డను బ్రౌను పదవిలోనే యుండెను. దేశమునకు ప్రభుత్వము లేని క్షణమే యుండరాదను నియమము దీనికి మూలము. మే 11న డేవిడ్ కామెరాన్ ప్రధాని యయ్యెను. రెండు పక్షములు కలిసి పాలించెను.

ప్రజల స్పందన పలు విధములుగా నుండెను. కొన్ని కేంద్రములలో రాత్రి 10 గంటలకు తలుపులు మూయగా, వరుసలో నిలిచినవారు ఓటు లేక కోపముతో మరలిపోయిరి. వారి ఆక్షేపణ ఫలించి 2013లో చట్టము మారెను. వరుసలో నున్నవారు ఇప్పుడు ఓటు వేయవచ్చును. మన దేశమున గడువునకు ముందే వరుసలో చేరినవారికి చీటీలు ఇచ్చి ఓటు వేయించు ఆచారము కలదు. ఈ విషయమున మన పద్ధతి మేలైనదే.

ఓట్లకు తగినన్ని స్థానములు కావలెనని లండనులో ప్రదర్శనలు జరిగెను. 2011లో ఎన్నికల పద్ధతిని మార్చుటపై ప్రజాభిప్రాయము కోరగా, నూటికి 68 మంది వలదనిరి. కేకలు వేయువారి మాట యొకటి, ఓటు వేయువారి మాట యొకటి కావచ్చునని దీనివలన తెలియును. లిబరల్ డెమోక్రాటులు విశ్వవిద్యాలయపు రుసుములు పెంచమని మాట యిచ్చి, పదవిలో చేరి పెంచుటకు సమ్మతించిరి. విద్యార్థులు వీథులకు వచ్చిరి. 2015లో ఆ పక్షమునకు 57కు బదులు 8 స్థానములే మిగిలెను.

చివరి మాట ఓటరుదే

కర్ణాటకమునను ఇదే కనబడును. 1983లో 95 స్థానములతో, ఇతరుల ఊతముతో శ్రీ రామకృష్ణ హెగ్డే ప్రభుత్వము నేర్పడెను. 1985లో ఆయన తానే మరల తీర్పు కోరగా, ప్రజలు 139 స్థానములు ఇచ్చి నిలిపిరి. 2018లో ఏర్పడిన కూటమి 2019 జూలై 23న 99కి 105 ఓట్లతో పడిపోయెను. సభ్యులు తప్పుకొన్నందున ఖాళీ యైన 15 స్థానములకు ఆ డిసెంబరులో ఉపఎన్నికలు జరుగగా, భారతీయ జనతా పక్షము 12 గెలిచి పాలన సాగించెను. 2023లో అదే ప్రజలు కాంగ్రెసునకు 135 స్థానములతో స్పష్టమైన బలమిచ్చిరి. ఈ తీర్పులలో ఏది మనకు నచ్చినది, ఏది నచ్చనిది అను మాట అటుంచుడు. ప్రజలు ప్రతిసారి మరల వచ్చి ఓటు వేసిరి. నిరాశపడి ఇంట కూర్చున్నవారి మాట మాత్రము ఎచ్చటను లెక్కకు రాలేదు.

మన సంగతి

మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది ఇచ్చట బోధించువారము. కావున తెలుగు కుటుంబములలో తరచుగా వినవచ్చు మాట మాకు తెలియును: 'ఇది మన రాష్ట్రము కాదు, ఎవరైననేమి?' ఇది తప్పు తలంపు. తరతరములుగా ఆనేకల్ తాలూకాలో నున్నవారికి ఇదియే స్వస్థలము. పారిశ్రామిక వాడలోను, గ్రానైటు పనులలోను బ్రతుకుతెరువు వెదకికొని వచ్చినవారికిని, సాధారణముగా నివసించు చోటనే ఓటు నమోదు చేయించుకొను హక్కు చట్టము ఇచ్చినది. స్వగ్రామపు జాబితాలో పేరుండి, పోలింగు నాడు ఇక్కడ పనిలో నుండిపోవువాని ఓటు ఎచ్చటను పడదు.

ఇక మన బడి మాట. సభ త్రిశంకు వైనపుడు 'మన తెలుగు చదువు గతి ఏమి?' అని తలిదండ్రులు భయపడుదురు. రాజ్యాంగపు 29, 30 అధికరణములు అల్పసంఖ్యాకుల భాషను, విద్యాసంస్థలను కాపాడుచున్నవి. 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. ఇది 1956లో చేరినది. ఇవి ఏ పక్షమో ఇచ్చిన వరములు కావు. ప్రభుత్వములు మారినను ఇవి మారవు.

కాని హక్కు కాగితముపై నున్నంత మాత్రమున ఉపాధ్యాయుడు రాడు, పుస్తకము రాదు. అడుగవలెను. ఇరుపక్షముల బలము ఇంచుమించు సమానముగా నున్నపుడు ప్రతి చిన్న సమూహమును అందరు ఆదరింతురు. ఆ వేళ తీపి మాటలకు మురియక, మన అవసరమును వ్రాతమూలకముగా తెలుపుట మంచిది. గెలిచినవారు ఏ పక్షమైనను, మన నియోజకవర్గపు శాసనసభ్యుడు మనకు ప్రతినిధియే. ఆయనకు కన్నడమున చక్కని విన్నపము వ్రాయగల తెలుగు బాలుడు రెండు భాషలకును గౌరవము తెచ్చును.

అభ్యాసము

1. సభలో 224 స్థానములున్నచో, సగమునకు మించిన బలమునకు ఎన్ని కావలెను? 222 ఉన్నచో ఎన్ని?

2. పైన చెప్పిన రాముని, సోముని లెక్కను నాలుగు విభాగములకు మీరే కట్టి చూపుడు.

3. 'పెద్ద పక్షమే పాలింపవలెను' అను మాటను సమర్థించుచు ఐదు వాక్యములు, ఖండించుచు ఐదు వాక్యములు వ్రాయుడు.

4. మీ ఇంట ఓటు హక్కు గలవారి పేర్లు ఏ ఊరి జాబితాలో నున్నవో అడిగి తెలిసికొనుడు. ఇక్కడ నివసించుచు ఇక్కడ పేరు లేనివారికి, నమోదు చేయించుకొను విధమును మీరే చదివి చెప్పుడు.