కేన్సర్ కానప్పుడు కోత ఎందుకు?

ప్రశ్న: మాది యానాం. అమ్మకు 54 ఏళ్లు. ఐరన్ మాత్రలు వాడుతున్నా రక్తం నిలవడం లేదు. అప్పుడప్పుడు బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ బాగానే ఉన్నాయి. పుదుచ్చేరి తీసుకొచ్చి సీటీ తీయిస్తే చిన్నపేగులో కొవ్వు గడ్డ, లైపోమా అన్నారు. కేన్సర్ కాదట, అయినా లాప్రోస్కోపీ చేయాలట. తప్పదా?

జవాబు: చేయించండమ్మా. గడ్డ మంచిదే, అది ఉన్న చోటే మంచిది కాదు. చిన్నపేగు పొడవు దాదాపు 6 మీటర్లు. మామూలు ఎండోస్కోపీ పైనుంచి కొంత మేరే చూస్తుంది, కొలనోస్కోపీ కిందినుంచి చివరి కొసనే చూస్తుంది. మధ్యలో గడ్డ ఉంటే రెండిటికీ చిక్కదు. దాని మీది పొర పుండుపడితే కంటికి కనిపించనంత రక్తం రోజూ పోతుంది. మాత్రలతో నింపినదంతా అలా కారిపోతూనే ఉంటుంది.

నొప్పి సంగతి ఇంకా ముఖ్యం. పేగు అన్నాన్ని ముందుకు తోసేటప్పుడు గడ్డనూ లాగుతుంది, దాంతో పేగు పేగులోకే చొచ్చుకుపోతుంది. విడిపోతే నొప్పి తగ్గుతుంది. విడిపోకపోతే ఆ ముక్కకు రక్తం అందక కుళ్లుతుంది. అప్పుడు అర్ధరాత్రి పెద్ద కోతే గతి.

ప్రశ్న: చిన్న రంధ్రాల్లోంచి పేగును ఎలా కోస్తారు?

జవాబు: 5 నుంచి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు మూడో నాలుగో పెట్టి, కడుపులో కార్బన్ డయాక్సైడ్ నింపి, పేగును కొంచెం కొంచెంగా జరుపుతూ మొత్తం చూస్తారు. మెత్తటి గడ్డ వేలికి తెలిసినట్టు పరికరానికి తెలియదు. అందుకే చాలాసార్లు బొడ్డు దగ్గరి రంధ్రాన్ని 4, 5 సెంటీమీటర్లకు పెంచి, ఆ పేగును బయటికి లాగి, తడిమి చూసి, గడ్డ ఉన్న ముక్కను కోసి, రెండు కొసలూ కలిపి లోపల పెట్టేస్తారు. అవసరమైతే పెద్ద కోతకు మారతామని సంతకం కాగితంలో రాసి ఉంటుంది. చూసి భయపడకండి. గడ్డ దొరక్కుండా కడుపు మూసేయడం కన్నా అదే నయం.

అమ్మగారు గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. సొంతంగా ఆపొద్దు.

ప్రశ్న: ముందు క్యాప్సూల్ కెమెరా మింగితే సరిపోదా?

జవాబు: అది ఫొటోలు తీస్తుంది, గడ్డను తీయలేదు. పైగా దారి ఇరుకైన చోట అదే అడ్డుపడవచ్చు. సీటీలో గడ్డ తేలాక దానితో పనిలేదు.

పుదుచ్చేరి గోరిమేడులోని జిప్మర్‌లో పొట్ట, పేగుల ఆపరేషన్లకు ప్రత్యేక విభాగమే ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి యానాంలోనూ జిప్మర్ యూనిట్ ఉంది కాబట్టి, తర్వాతి పరీక్షలు అక్కడ కుదురుతాయేమో డిశ్చార్జి నాడే అడగండి. కోసిన ముక్క బయాప్సీ రిపోర్టు మాత్రం తప్పక తీసుకోండి. అది లైపోమానే అని ఖాయంగా తేల్చేది ఆ కాగితమే.