నిదానముగా నడచు కథ: 'కట్లా' ధారావాహికపై మన ప్రేక్షకుల అభిప్రాయములు

పాఠశాల వార్షిక సంచికలో చదువుల సంగతులు, ఆటల పోటీలు, పరీక్షా ఫలితములు ఉండుట పరిపాటి. ఈ మారు మేము ఒక దృశ్య ధారావాహికను గూర్చి వ్రాయబూనితిమి. కొందరు తల్లిదండ్రులకు ఇది వింతగా తోచవచ్చును. అయినను దీపము పెట్టిన పిదప మన యిండ్లలో పుస్తకమునకు దక్కు కాలము కంటె తెరకు దక్కు కాలమే హెచ్చుగా ఉన్నది. కనుక తెరమీద ఏమి చూచుచున్నాము, చూచినదానిని గూర్చి ఏ భాషలో మాటలాడుకొనుచున్నాము అను ప్రశ్నలను చదువునకు వెలుపలివిగా మేము తలంపజాలము.

ఆ ధారావాహిక పేరు 'కట్లా'. ఐస్లాండు దేశమున తయారై, 2021 జూన్ నెలలో నెట్‌ఫ్లిక్స్ ద్వారా వెలువడినది. మొత్తము ఎనిమిది భాగములు. బల్తసార్ కోర్మాకుర్, సిగుర్యోన్ క్యార్తాన్సన్ అనువారు దీనిని రూపొందించిరి. వీరిలో మొదటివారు 2015లో వచ్చిన 'ఎవరెస్ట్' అను ఇంగ్లీషు చిత్రమునకు దర్శకులు. ఈ ధారావాహికలోని పాత్రలు మాటలాడునది ఐస్లాండు భాష, కొన్ని చోట్ల స్వీడను భాష. మనవారు తెర అడుగున వచ్చు ఇంగ్లీషు అక్షరములను చదువుకొనుచు చూచిరి.

కట్లా యనునది కల్పించిన పేరు కాదు. ఐస్లాండు దక్షిణ భాగమున పెద్ద మంచుగడ్డ క్రింద దాగియున్న అగ్నిపర్వతమది. అది 1918లో పెద్దయెత్తున ప్రేలినది. కథలో మాత్రము అది ఒక సంవత్సరముగా ఎడతెగక బూడిద గ్రక్కుచుండును. పర్వతము చెంతనున్న వీక్ అను చిన్న ఊరు దాదాపు ఖాళీ అయినది. గ్రీమా అను యువతి అచట సహాయక దళములో పనిచేయుచు, పర్వతము ప్రేలిన దినమున కనబడకపోయిన తన తోబుట్టువు ఆసా దేహము దొరకునేమోనని వెదకుచుండును. అట్టి సమయమున మంచుగడ్డ వైపునుండి ఒళ్లంతయు నల్లని బూడిద కప్పిన ఒక స్త్రీ నడచి వచ్చును. ఆమె ఇరువది సంవత్సరముల క్రిందట ఆ ఊరి హోటలులో పనిచేసిన గున్‌హిల్డ్. వయస్సు ఒక్క దినమైనను పెరుగలేదు. అసలు గున్‌హిల్డ్ స్వీడను దేశమున వయసు మళ్లి బ్రతికియే యున్నది! తరువాత ఒకరి వెనుక ఒకరుగా అట్టివారు మరికొందరు వత్తురు. చనిపోయిన బిడ్డ వచ్చును. మంచము పట్టిన భార్య గల పోలీసు అధికారి ఎదుట ఆరోగ్యవతియైన అదే భార్య వచ్చి నిలుచును. వీరెవరు? ఎందుకు వచ్చిరి? ఇంతకు మించి కథ చెప్పుట చూడనివారికి అన్యాయము.

గడచిన తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిదప, దీనిని చూచినవారిని కూర్చుండబెట్టి వారి అభిప్రాయములను అడిగితిమి. మిల్లులో పనిచేయు ఒక తండ్రిగారు మొదటనే తేల్చి చెప్పిరి: "రెండు భాగములు చూస్తిని సార్. ఒక ఆడమనిషి బూడిదలో నడుస్తా ఉంది. మళ్లీ చూస్తే ఇంకా నడుస్తానే ఉంది. కథ ఎప్పుడు మొదలయ్యేది?" అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. ఇంజనీరింగు చదువుచున్న మా పూర్వవిద్యార్థి ఒకడు ఫోనులో ఒకటిన్నర రెట్లు వేగము పెట్టి రెండు రాత్రులలో ఎనిమిది భాగములను ముగించితినని చెప్పెను. గ్రీమా తన తోబుట్టువు తిరిగి వచ్చినప్పుడు మొదట ఏమి చేసినదని అడిగితిమి. అతనికి జ్ఞాపకము లేదు. మా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల ఆక్షేపణ వేరు. ఏడు భాగముల వరకు దీనిలో విజ్ఞానము చూచాయగానైనను లేదని, కడపటి భాగమున మాత్రము భోజనమైన తరువాత ఉప్పు వడ్డించినట్లు వడ్డించిరని వారి ఫిర్యాదు. ఇది విజ్ఞాన కల్పన కాదు, దయ్యాల కథయే అని మరొకరు.

వీరందరును మాటలాడిన తరువాత, అంతవరకు వినుచుండిన ఒక తల్లి నోరు విప్పినది. 2021లో కరోనా వలన భర్తను పోగొట్టుకొన్నావిడ. "అందరూ మెల్లగా ఉంది, మెల్లగా ఉంది అంటున్నారు. పోయినవాళ్లు వచ్చి వాకిట నిలబడితే ఎవరైనా గబగబా తలుపు తీస్తారా? నాకు అది మెల్లగా అనిపించలేదు." ఆమె అంతకు మించి చెప్పలేదు. ఎవరును ఎదురు మాటాడలేదు.

ఈ అభిప్రాయములను తూచి చూడగా, నిదానము అను ఒకే మాటతో మనవారు రెండు వేర్వేరు వస్తువులను నిందించుచున్నారని మాకు తోచినది. మన టీవీ సీరియళ్లనే చూడుడు. తెలుగున 'కార్తీక దీపం' 2017 నుండి 2023 వరకు నడచినది. ఇచట మన యిండ్లలో ఆడు తమిళ సీరియళ్లును ఏండ్ల తరబడి సాగును. ఒక చెంపదెబ్బను ముగ్గురి ముఖములమీద మూడేసి మారులు చూపుదురు. దానిని ఎవరును నిదానమనరు! అచట సంగీతము మ్రోగుచుండును, ఎవరో ఒకరు అరచుచుందురు. కనుక ఏదో జరుగుచున్నదని మనస్సు భ్రమపడును. 'కట్లా'లో సంగీతము తక్కువ, మాటలు మరియు తక్కువ. చూచువాడే ఆలోచించి ఆ ఖాళీని నింపుకొనవలెను. శ్రమ తనదైనప్పుడు మనిషికి కాలము దీర్ఘముగా తోచుట సహజము. లెక్కల తరగతికిని కథల తరగతికిని గంట ఒక్కటే కొట్టుదురు గాని, పిల్లలకు అవి రెండును ఒకటే పొడవు కావు గదా.

మేట్టుపాళయము వారికి నిదానమును గూర్చి వేరుగా బోధింప నక్కరలేదు. మన స్టేషను నుండి ఉదకమండలమునకు పోవు కొండరైలు 46 కిలోమీటర్లు ఎక్కుటకు సుమారు 5 గంటలు తీసికొనును. బస్సు అందులో సగము కాలమునకే చేరును. 1899లో కూనూరు వరకును, 1908లో ఉదకమండలము వరకును ఈ మార్గము తెరువబడినది. కల్లారు దాటిన పిదప పండ్లపట్టా ఆధారముగా, ఇంజను వెనుకనుండి నెట్టుచుండగా, నిటారుగానున్న చోట పన్నెండున్నర అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కును. దేశాంతరముల నుండి జనులు వచ్చి నెలల ముందు టిక్కెట్టు కొనుచున్నారు. 2005లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిరి. అది వేగముగా పోదని ఎవరైనను ఫిర్యాదు చేసిరా? చేయరు. ఏల యనగా ఆ ఎత్తు ఎక్కుటకు ఆ వేగమే తగినది. అదే రైలు చదునైన నేలమీద, కోయంబత్తూరు దారిలో, ఆ నడకనే నడచినచో ఎవరు ఎక్కుదురు?

'కట్లా'ను ఆ కొలతతోనే కొలువవలెను. తోబుట్టువులు ఎదురుపడు ఘట్టము, తండ్రి తన చనిపోయిన కొడుకును గుర్తుపట్టియు నమ్మజాలని ఘట్టము, ఇవి కొండయెక్కు చోట్లు. ఇచట నిదానము న్యాయమే. నడిమి భాగములలో బూడిదమైదానములను పైనుండి పదేపదే చూపుట మాత్రము చదునునేల మీది నత్తనడక. మిల్లు తండ్రిగారి మాటలో కొంత నిజమున్నది. మా విజ్ఞాన ఉపాధ్యాయుల మాటలో మరింత నిజమున్నది. మంచుగడ్డ క్రింద ఎన్నడో పడిన ఉల్కతో ఈ వింతకు సంబంధమున్నదని చివర నాలుగు మాటలలో చెప్పి తప్పించుకొనిరి. ఎచట నిదానించి బోధింపవలెనో అచటనే పరుగెత్తిరి. కథలో పెద్ద లోపము ఇదియే గాని, నిదానము కాదని మా అభిప్రాయము.

విజ్ఞానమునకు వచ్చితిమి గనుక పిల్లలకు చెప్పదగిన ఒక విషయమును ఇచట చేర్చుచున్నాము. అగ్నిపర్వతపు బూడిద మన పొయ్యిలోని బూడిద వంటిది కాదు. కట్టెలు కాలగా మిగులునది మన బూడిద. అది మెత్తన, నీట కలియును, అంట్లు తోముటకు పనికివచ్చును. పర్వతము గ్రక్కునది రాతిపొడియు గాజుపొడియు. కరగిన రాయి వాయువుల పీడనమునకు తునాతునకలై, చటుక్కున చల్లారుటచే అట్లగును. అది కంటికి, ఊపిరికి, యంత్రములకు హాని చేయును. 2010 ఏప్రిల్‌లో కట్లాకు పొరుగుననే యున్న ఎయ్యాఫ్యాట్లాయోకుల్ అను అగ్నిపర్వతము ప్రేలినప్పుడు ఆ పొడి ఆకాశమున వ్యాపించుటచే, ఐరోపాలో చాలవరకు విమానములు దినముల తరబడి ఎగురలేదు. మంచు క్రింద ప్రేలుడు సంభవించినచో మరియొక ఆపద కలదు: మంచు కరగి ఒక్కుమ్మడిగా వరద వచ్చును. 1918లో కట్లా తెచ్చిన వరద, మోసుకొనివచ్చిన మట్టితో సముద్రతీరమునే ముందుకు జరిపినది. ధారావాహికలో ఆ ఊరు ఏల ఖాళీ అయినదో దీనిని బట్టి తెలియును.

ఇక దయ్యముల కథ యను ఆక్షేపణ. ఐస్లాండు వారి పాత జానపద కథలలో, కొండలలో నివసించు అదృశ్య జనులు మనుష్యుల బిడ్డను ఎత్తుకొనిపోయి దాని స్థానమున తమవానిని ఉంచుదురను నమ్మకము కలదు. ధారావాహికకు పునాది అదియే. మనకు ఇది క్రొత్త కాదు. సూర్యుని తేజమును ఓర్వజాలని సంజ్ఞ, తన రూపమే గల ఛాయను ఇంట నిలిపి పోయిన పురాణకథ మన పెద్దలెరుగుదురు. భర్త గుర్తింపలేదు గాని, ప్రేమలో తేడా వచ్చినప్పుడు పిల్లలు పసిగట్టిరి. నలోపాఖ్యానమున దమయంతి యెదుట నలుని రూపముననే దేవతలు నిలిచిరి. చెమట పట్టినవాడు, ధూళి అంటినవాడు, నేలపై నీడ పడినవాడు, వాడే నా నలుడని ఆమె ఎరిగినది. మనుష్యుని గుర్తు ధూళియే. 'కట్లా'లో ఇది తలక్రిందులైనది. ఒళ్లంత ధూళితో వచ్చినవారే మారువారు. ఈ పోలికను మా ఉపాధ్యాయులతో చెప్పగా, విజ్ఞానశాస్త్రము వారు కూడ కొంత మెత్తబడిరి.

మేము ఈ వ్యాసమునకు పూనుకొనుటకు అసలు కారణము ఇంకొకటి కలదు. ఐస్లాండు జనాభా నాలుగు లక్షలకు లోపు. 2011 జనగణన ప్రకారము తమిళనాడున తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. అనగా మనము వారికి పదిరెట్లు. "ఇంత కొద్దిమంది మాటలాడు భాష చదివి మా పిల్లవాడు ఏమి చేయును?" అని ప్రవేశముల వేళ మమ్ము అడుగని సంవత్సరము లేదు. ఆ కొద్దిమంది తమ ఊరి కథను, తమ అవ్వల నమ్మకమును, తమ భాషలోనే తీసి, తమకు తోచిన నడకలో నడపి, లోకముచేత అక్షరములు చదివించి చూపించిరి. కంప్యూటరు వచ్చినప్పుడు వారు అంకె యను మాటకును జోస్యము చెప్పు స్త్రీ యను మాటకును పొత్తు కూర్చి 'తోల్వా' అనిరి. టెలిఫోనుకు తంతువు అను అర్థము గల పాత మాటను వెలికితీసి 'సీమి' అనిరి. అచటను పెద్దలకు దిగులు లేకపోలేదు. పిల్లలు తెరల ముందు ఇంగ్లీషులోనే ఆడుకొనుచున్నారని అచటి భాషావేత్తలు చింతించుచునే యున్నారు. మనకు 2006 చట్టము పిదప తమిళము తప్పనిసరి, ఇంగ్లీషు ఎట్లును తప్పదు. మిగిలిన కాలములో తెలుగునకు పాఠశాలలో దొరకునది కొంచెమే. ఇంట దొరకునది ఎంతయో తల్లిదండ్రులే చెప్పవలెను.

'కట్లా' పిల్లలకు చూపదగినది కాదు. పెద్దల కొరకు తీసినది. దిగంబరముగా బూడిదలో వచ్చు మనుష్యులు, బిడ్డ మరణము, ఆత్మహత్యా ప్రసంగములు అందులో ఉన్నవి. కళాశాల వయస్సు వచ్చినవారు చూడవచ్చును. చూచువారు సొంత వేగమున చూతురు గాక, ఫోను ఇచ్చిన వేగమున కాదు. చిన్నవారికి కథను నోటితో చెప్పవచ్చును.

మేము తొమ్మిదవ తరగతిలో అట్లే చేసితిమి. రెండు పీరియడ్లు పట్టినది. బూడిదలో స్త్రీ నడచివచ్చు చోట మేము ఎంత నిదానించినను ఎవరును త్వరపెట్టలేదు. బిడ్డను మార్చి ఉంచు ఆ కొండజనుల కథ చెప్పి, మారుగా వచ్చిన బిడ్డకు తెలుగున మీరేమి పేరు పెట్టెదరని అడిగితిమి. ఆ దినము ఎవరును చెప్పలేదు. మరునాడు ఒక బాలిక, ఇంట అమ్మమ్మకు ఆ కథయంతయు చెప్పి, అడిగి తెచ్చితినని, 'మారుబిడ్డ' అని నల్లబల్లమీద వ్రాసినది. ఆ అమ్మమ్మగారికి చదువను వ్రాయను రాదు. మిగిలిన కథ యేమైనదని ఆమె మనుమరాలిని అడుగుచున్నదట. తరువాతి పీరియడు శుక్రవారము.