బ్యాటరీ కొనే ముందు

అమ్మాయీ,

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ప్లగ్గులో ఉంటే నడుస్తోంది, చార్జింగ్ మాత్రం ఎక్కడం లేదు, కొత్త బ్యాటరీకి డబ్బులు కావాలి అని మీ నాయనను అడిగావట. ఆగు, ఇప్పుడే కొనకు.

ఆదోనిలో ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒక గుమస్తాతో నేనూ ఇట్లే బ్యాటరీ కొనిపించాను. మూడో రోజే ఆయన తిరిగొచ్చాడు. అడాప్టర్ తీగ పిన్ను మెడ దగ్గర లోపలి రాగి తెగి ఉంది, పైన ప్లాస్టిక్కు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన డబ్బు ఆయనకిచ్చేశాను. అప్పటి నుంచి గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి పోతాను.

మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన ఎమ్మిగనూరు చేనేత సొసైటీకి నేసిన ఇల్లు మీది. పోగు తెగితే మీ అవ్వ పడుగంతా మార్చదు కదా! మగ్గం ఆపి, తెగిన చోటు దొరికేదాకా వేళ్లతో పోగు వెంట పోతుంది. నువ్వూ అట్లే పో.

ముందు వేరే ప్లగ్గులో పెట్టి చూడు. తర్వాత మల్టీమీటర్ తీయి. నీది డెల్ కాబట్టి నల్ల మొన పిన్ను బయటి రేకుకు, ఎర్ర మొన లోపలి గోడకు ఆనించు. రెండు మొనలూ ఒకదానికొకటి తగలనీయకు. అంకె 19.5 దగ్గర నిలవాలి. ఇప్పుడు తీగను మెడ దగ్గర మెల్లగా వంచు. అంకె సున్నాకు పడి మళ్లీ లేచిందా, దొంగ దొరికినట్టే. నిలకడగా ఉంటే పిన్ను నడుమ ఉన్న సన్నటి సూదిని చూడు. అది ఎన్ని వాట్ల అడాప్టరో ల్యాప్‌టాప్‌కు చెప్పే సూది. అది వంగినా విరిగినా మిషన్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు. నా అనుమానమంతా దాని మీదే.

అదీ బాగుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొట్టు. తయారయ్యే రిపోర్టు తెరిచి చూడు. అందులో డిజైన్ కెపాసిటీ 48,000 ఉండి ఫుల్ చార్జ్ కెపాసిటీ 19,000 ఉంటే నలభై శాతమే మిగిలినట్టు. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు, అప్పుడు కొను.

మన ఎండలకు లిథియం సెల్లు తొందరగా ముసలిదవుతుంది. పత్తి మార్కెట్ నుంచి నా దగ్గరికొచ్చే మిషన్ల ఫ్యాన్లలో దూది నూగు మెత్తలా పేరుకుని ఉంటుంది, గాలి ఆడక లోపలంతా కాలిపోతుంటుంది. నీదీ ఊడ్చుకో. టచ్‌ప్యాడ్ పైకి లేచి కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బినట్టు. చార్జింగ్ తీసేసి ఆపేయి, నొక్కకు, గుచ్చకు. నాకు ఫోన్ చెయ్యి.

లేదంటే ఆదివారం బస్సెక్కి రా. అడాప్టర్ మరిచిపోవద్దు.

మీ మామ