తర్వాతి టీకా ఎప్పుడు? సాఫ్ట్‌వేర్ చేసే తేదీల లెక్క

బిడ్డ పుట్టిన మొదటి ఏడాదిలోనే టీకాల కోసం కనీసం ఐదుసార్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. పుట్టిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత 6, 10, 14 వారాలకు, మళ్లీ 9 నెలలు నిండాక. ఒకప్పుడు టీకాల కార్డు మీద నర్సు పెన్నుతో రాసిచ్చిన తేదీయే తల్లిదండ్రులకు ఆధారం. ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో సాఫ్ట్‌వేరే ఆ తేదీని లెక్కగట్టి ఫోనుకు సందేశం పంపుతోంది. అయితే టీకా అంటే ఏమిటో కంప్యూటర్‌కు తెలియదు. ఏ తేదీ నుంచి లెక్కించాలి, ఎంత వ్యవధి కలపాలి, ఏ తేదీ దాటితే గుర్తుచేయడం ఆపాలి? ఈ మూడింటినీ సెట్టింగుల్లో మనమే చెప్పాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా బిడ్డకు టీకా తొందరపడి వేయడమో, అసలు వేయకపోవడమో జరగవచ్చు.

ఎక్కడి నుంచి లెక్కించాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. 2025 జనవరి 10న ఒక పాప పుట్టిందనుకుందాం. ఆరు వారాలంటే 42 రోజులు కాబట్టి పెంటావాలెంట్ మొదటి డోసు ఫిబ్రవరి 21న వేయాలి. రెండో డోసు మార్చి 21న, మూడోది ఏప్రిల్ 18న రావాలి. పాపకు జ్వరం వచ్చో, తల్లి పుట్టింట్లో ఉండిపోయో మొదటి డోసు మార్చి 12న వేశారనుకోండి. అన్ని తేదీలనూ పుట్టినరోజు నుంచే లెక్కించే సాఫ్ట్‌వేర్, రెండో డోసుకు మార్చి 21నే రమ్మంటుంది. అంటే రెండు డోసుల మధ్య తొమ్మిది రోజులే!

ఈ డోసుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలన్న నియమం వెనుక శరీర ధర్మం ఉంది. మొదటి డోసు అందాక రోగనిరోధక వ్యవస్థ ఆ క్రిమిని గుర్తుపెట్టుకునే జ్ఞాపక కణాలను తయారుచేసుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ పని పూర్తికాకముందే రెండో డోసు ఇస్తే ఆశించిన స్థాయిలో రక్షణ రాకపోవచ్చు. అందువల్ల మొదటి డోసుకు పుట్టిన తేదీని, ఆ తర్వాతి వాటికి అంతకుముందు డోసు నిజంగా వేసిన తేదీని కూడా ఆధారంగా తీసుకోవాలి. రెండింటిలో ఏ లెక్క తర్వాతి తేదీని ఇస్తే అదే సరైనది. మన పాపకు రెండో డోసు ఏప్రిల్ 9న, మూడోది మే 7న వస్తాయి. ఆలస్యమైనంత మాత్రాన టీకాలను మళ్లీ మొదటి నుంచి వేయనక్కర్లేదు. ఆగిన చోటి నుంచి కొనసాగిస్తే చాలు.

ఇక్కడ మరో చిక్కుంది. టీకా వేసిన రోజు ఒకటి, కంప్యూటర్‌లో నమోదుచేసిన రోజు మరొకటి కావచ్చు. బుధవారం టీకాలు వేసి, వివరాలను శనివారం ఎక్కించారనుకోండి. సాఫ్ట్‌వేర్ ఆ రోజు తేదీనే దానంతటదే నింపితే లెక్క మూడు రోజులు జరుగుతుంది. టీకాలు వారానికి ఒక్క బుధవారమే వేసే ఊళ్లో ఆ మూడు రోజులతో పాప మరో వారం ఆగాల్సివస్తుంది. కాబట్టి ‘వేసిన తేదీ’ గడిని సిబ్బందే నింపేలా ఖాళీగా ఉంచాలి.

వారాలా, నెలలా?

మన ఇళ్లలో ఆరు వారాల టీకాను ‘నెలన్నర టీకా’ అంటారు. మాటకు బాగానే ఉన్నా కంప్యూటర్‌కు ఆ రెండూ ఒకటి కావు. జనవరి 10 నుంచి ఆరు వారాలు ఫిబ్రవరి 21తో ముగుస్తాయి. నెలన్నర అంటే ఫిబ్రవరి 25. తట్టు, రుబెల్లా టీకాకు మాత్రం 9 నెలలు పూర్తిగా నిండాలి. దీన్ని క్యాలెండర్ నెలల్లోనే లెక్కించాలి. నెలకు 30 రోజుల చొప్పున 270 కలిపితే అక్టోబరు 7 వస్తుంది, నిజానికి 9 నెలలు నిండేది అక్టోబరు 10కి.

తేదీ రాసే పద్ధతి కూడా ముఖ్యమే. 04/03/2025 అంటే మనకు మార్చి 4, అమెరికా పద్ధతిలో ఏప్రిల్ 3. 25/03 అని రాస్తే 25వ నెల లేదు కాబట్టి కంప్యూటర్ పొరపాటును పట్టేస్తుంది. రోజు 12 లోపు ఉంటే మాత్రం కిక్కురుమనకుండా తప్పు తేదీని తీసుకుంటుంది. నెల పేరును అక్షరాల్లో చూపిస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

ఎప్పుడు ఆపాలి?

పుట్టినప్పుడు వేసే పోలియో ‘సున్నా డోసు’కు మన జాతీయ కార్యక్రమంలో 15 రోజుల గడువుంది. బీసీజీని ఏడాది వయసు వరకే ఇస్తారు. గడువు తేదీని సెట్టింగుల్లో పెట్టకపోతే, మూడేళ్ల పిల్లవాడి పేరు పక్కన కూడా ‘సున్నా డోసు బాకీ’ అని ఎర్రగా మెరుస్తూనే ఉంటుంది. పనికిరాని హెచ్చరికలు పెరిగేకొద్దీ సిబ్బంది వాటిని చదవడం మానేస్తారు. అప్పుడు నిజంగా అవసరమైన హెచ్చరిక కూడా వాటి మధ్య కనిపించకుండా పోతుంది.

నియమమే మారితే?

2021 మే 13న కేంద్ర ప్రభుత్వం కొవిషీల్డ్ రెండు డోసుల మధ్య ఎడాన్ని 12 నుంచి 16 వారాలకు పెంచింది. కోవిన్ పోర్టల్‌ను వెంటనే మార్చి, మొదటి డోసు తర్వాత 84 రోజులు నిండనివారికి కొత్తగా ఆన్‌లైన్ బుకింగ్ దొరక్కుండా చేశారు. అప్పటికే తీసుకున్న బుకింగ్‌లు మాత్రం చెల్లుతాయని ప్రకటించారు. జూన్‌లో విదేశాలకు వెళ్లాల్సిన విద్యార్థులు, ఉద్యోగులు, టోక్యో ఒలింపిక్స్ క్రీడాకారులకు 28 రోజుల తర్వాత రెండో డోసుకు మినహాయింపు ఇచ్చారు. నియమం, అది అమల్లోకి వచ్చే తేదీ, మినహాయింపు ఈ మూడూ రోగి వివరాలతో కలిసిపోకుండా విడిగా ఉండాలని ఈ అనుభవం చెబుతోంది. అలా ఉంటే నియమం మారినప్పుడు ఒక్కచోట దిద్దితే చాలు, పాత రికార్డులు చెదరవు.

గర్భిణుల విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. చివరి నెలసరి మొదటి రోజుకు 280 రోజులు కలిపి కాన్పు తేదీని అంచనా వేస్తారు. తొలి స్కానింగ్ తర్వాత డాక్టర్ ఆ అంచనాను మారిస్తే, దాని మీద ఆధారపడిన పరీక్షల తేదీలన్నీ తిరిగి లెక్కకు రావాలి.

తల్లిదండ్రులు చేయగలిగిందీ ఉంది. ఫోనుకు వచ్చిన తేదీని కార్డు మీద ‘టీకా వేసిన తేదీ’తో పోల్చి చూడండి. పెంటావాలెంట్ రెండు డోసుల మధ్య 28 రోజులకన్నా తక్కువ కనిపిస్తే, టీకా వేయించే ముందే కార్డును నర్సుకు చూపించి అడగండి. కార్డును మాత్రం పారేయకండి. కంప్యూటర్ లెక్క తప్పినప్పుడు దాన్ని సరిదిద్దేది అందులోని తేదీలే.