గుంతలు పూడ్చిన దంపతులు

జోడుగా నడచువారిలో ఒకరు పడినయెడల మరియొకరు లేపుదురని ప్రసంగి 4వ అధ్యాయము నేర్పుచున్నది. హైటెక్ సిటీతో పేరొందిన హైదరాబాదులో గంగాధర తిలక్, వెంకటేశ్వరి దంపతులు పరులు సహితము పడకుండ చూచిరి.

తిలక్ గారు రైల్వేలో పదవీ విరమణ చేసి, సాఫ్ట్‌వేరు పనికై ఆ నగరము చేరిరి. ఒకనాడు ఆయన కారు గుంతలో దిగి బడిపిల్లలపై బురద చిమ్మెను. 2010 నుండి ఆయన తన సొమ్ముతో గుంతలు పూడ్చసాగిరి. భార్యయు తోడై నిలిచెను. 2021 నాటికి అవి 2,000 దాటెను.

మనమెన్ని యేండ్లు కలిసి బ్రదికితిమని లెక్కించుట సులభము. ఆ యేండ్లలో ఎవరి బాట చదునైనది? ఈ సాయంత్రము భార్యాభర్తలు కూర్చుండి ఆలోచించుడి. మన యూరి బాటలోను గుంతలున్నవి.