బాలల స్థూలకాయము: రెండు ఫ్రెంచి గ్రామములు నేర్పిన పాఠము

మన యిండ్లలో బిడ్డ బొద్దుగా నున్నచో తల్లికి సంతోషము, సన్నగా నున్నచో దిగులు. ఈ భావమునకు తగిన హేతువు లేకపోలేదు. కరవులును జ్వరములును తఱచుగా వచ్చిన కాలమున, ఒంటిపై కొంత కండ గల బిడ్డయే వానిని దాటి బ్రదుకునని పెద్దలు కన్నులార చూచియుండిరి. ఆ భయము నేటికిని పూర్తిగా తీరలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున ఐదేండ్ల లోపు పిల్లలలో వయసునకు తగిన పొడవు లేనివారు నూటికి 35.5 మంది. అయితే అదే సర్వేలో మఱియొక సంఖ్యయు గలదు. ఆ వయసు పిల్లలలోనే అధికభారము గలవారు 2015-16లో నూటికి 2.1గా నుండి, 3.4కు పెరిగిరి. సంఖ్య చిన్నదే కాని పెరుగుదల చిన్నది కాదు. ప్రపంచమంతటను జూచినచో 2022వ సంవత్సరమున 5 మొదలు 19 ఏండ్ల వయసువారిలో 39 కోట్లకు పైగా అధికభారము గలవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కించినది. వారిలో 16 కోట్లమంది స్థూలకాయులు. బక్కచిక్కిన బాలుడును, నాలుగు మెట్లెక్కి ఆయాసపడు బాలుడును ఒకే బల్లపై గూర్చుండు కాలము వచ్చినది. ఈ రెండవవానిని గూర్చి కొంత వ్రాయ దలచితిమి.

ముందుగా కొలత యెట్లో తెలిసికొందము. కిలోగ్రాముల బరువును, మీటర్లలోని పొడవుయొక్క వర్గముచే భాగించినచో వచ్చు సంఖ్యను శరీర భారసూచిక యందురు. 40 కిలోల బరువు, 1.40 మీటర్ల పొడవు గల బాలునకు ఇది 20.4 అగును. పెద్దవారికి ఈ సంఖ్య ఆరోగ్యకరమే. పదేండ్ల బాలునకో, ఇది అధికభారమునకు గుర్తు. పిల్లలు పెరుగుచుందురు గనుక వారి సూచికను వయసు, లింగ భేదములను బట్టి వేఱు పట్టికలతో సరిచూడవలెను. కంటితో జూచి తీర్పు చెప్పుట తగదు.

అధికభారము వలన కలుగు కీడు పెద్దయైన పిమ్మట మాత్రమే కనబడునని కొందఱి తలంపు. అది సరి కాదు. పూర్వము నడివయసువారికే వచ్చు రకపు మధుమేహము నేడు హైస్కూలు వయసున గనబడుచున్నది. కాలేయమున క్రొవ్వు చేరుట, రక్తపోటు, మోకాళ్ల నొప్పి కూడ నట్టివే. వీనికంటె ముందు వచ్చు నొప్పి యొకటి గలదు. విద్యార్థులారా, తోటివానిని గుమ్మడికాయ యనియు, ఏనుగుపిల్ల యనియు పిలుచు నలవాటు మీలో గొందఱికి గలదు. అట్లు పిలువబడిన బాలుడు ఏమి చేయును? ఆటస్థలమునకు వచ్చుట మానుకొనును. ఆట మానినచో బరువు మఱింత పెరుగును. మీ నవ్వు వాని రోగమునకు దోహదమగుచున్నదని గ్రహింపుడు.

ఇంతకును నేరము వానిదా? ఇంటికి నూనెడబ్బా తెచ్చువాడు వాడు కాడు. రాత్రి భోజనము పదిగంటలకు బెట్టునది వాడు కాదు. బడి గేటు వద్ద చిప్సు పొట్లములు వ్రేలాడదీసినవాడును వాడు కాడు. ఈ సంగతిని చక్కగా నిరూపించిన చరిత్ర యొకటి ఫ్రాన్సు దేశమున జరిగినది.

ఆ దేశపు టుత్తర భాగమున, లీల్ నగరమునకు సమీపమున, ఫ్లోర్బే, లవాంతీ యను రెండు చిన్న యూళ్లు గలవు. 1915వ సంవత్సరమున భారత సైనికులు వేలకొలదిగా పోరాడిన నవ్ షపెల్ రణరంగము వీనికి చేరువనే యున్నది. అచ్చట మనవారి స్మారకము నేటికిని గలదు. ఈ యూళ్ల పాఠశాలలలో 1992వ సంవత్సరమున ఆహారపాఠములను ప్రారంభించిరి. ఏ పదార్థమున నేమి గలదో, ఎంత తినవలెనో బోధించిరి. పిల్లలు చక్కగా నేర్చుకొనిరి. కాని విచిత్రమేమనగా, మొదటి సంవత్సరములలో అధికభారము గల పిల్లల సంఖ్య తగ్గలేదు సరికదా, పెరిగినది!

ఇచ్చట నిరాశ జెంది మానివేసియుండినచో ఈ వ్యాసమునకు పని యుండెడిది కాదు. 1999 మొదలుకొని ఆ కార్యమును ఊరంతయు జేపట్టినది. వ్యాయామ శిక్షకులను బడులలో నియమించిరి. క్రొత్త ఆటస్థలములను గట్టిరి. బడికి నడచివచ్చు దినములను, కుటుంబములన్నియు గలిసి పాల్గొను వేడుకలను ఏర్పరచిరి. వైద్యులు, దుకాణదారులు, క్రీడాసంఘములవారు తలయొక చేయి వేసిరి. 2004వ సంవత్సరమున గణించి చూడగా ఆ రెండూళ్ల పిల్లలలో అధికభారము గలవారు నూటికి 8.8. పోల్చుటకై తీసికొన్న ప్రక్క యూళ్లలో 17.8. ఊళ్లను చీట్లు వేసి యెన్నుకొనలేదు గనుక ఈ భేదమంతయు ఈ ప్రయత్నము వలననే కలిగినదని శాస్త్రజ్ఞులు ఖండితముగా జెప్పరు. అయినను సగమునకు సగము భేదము నుపేక్షింపదగినది కాదు.

పాఠము మాత్రమే చాలకపోవుటకు గారణ మేమి? మాకు దోచినది చెప్పెదము. అరటిపండు మంచిదని పరీక్షలో వ్రాసి పది మార్కులు తెచ్చుకొనిన బాలుడు, సాయంకాలము ఆకలితో గేటు దాటగానే వానికి గనబడునది బజ్జీల బండియే. ఎఱిగిన దానిని ఆచరించుటకు చేతికందు దూరమున మంచి వస్తువు, నడచుటకు దారి, ఆడుటకు చోటు ఉండవలెను. వానిని బాలుడు కల్పించుకొనజాలడు.

ఈ ఫలితమును జూచి 2004లోనే ఫ్రాన్సునందలి పది పట్టణములు ఎపోడ్ అను పేర ఇట్టి పనినే ప్రారంభించినవి. తరువాత నది యితర దేశములకును వ్యాపించినది. దానికి ఆహారవస్తువులు తయారుచేయు కంపెనీల ధనము కొంత వచ్చుటను పలువురు విమర్శించిరి. ఆ విమర్శ న్యాయమైనదని మా యభిప్రాయము. తీపి పానీయము లమ్మువాడిచ్చిన సొమ్ముతో తీపి తగ్గించుమని గట్టిగా జెప్పుట కష్టము. అమెరికాలో బోస్టను నగరమునకు దాపుననున్న సామర్‌విల్ పట్టణమున టఫ్ట్స్ విశ్వవిద్యాలయమువారు 2002 మొదలు 2005 వఱకు ఇట్టి ప్రయత్నమునే చేసిరి. బడి వంటశాలలను మార్చిరి, పిల్లలు రోడ్డు దాటుచోట్ల గీతలను మరల వేయించిరి, హోటళ్లవారిని చిన్న వడ్డనలకు ఒప్పించిరి. మొదటి యేడు ఫలితముగా ఎనిమిదేండ్ల బిడ్డకు దాదాపు ఒక పౌను బరువు తక్కువగా పెరిగినది. స్వల్పమే. కాని ఒక్క బిడ్డనైనను వేలెత్తి చూపకుండ, ఊరి పిల్లలందఱికిని కలిగిన లాభమది.

ఇక మన సంగతి. పాఠశాల గేటునుండి 50 మీటర్ల లోపల క్రొవ్వు, చక్కెర, ఉప్పు అధికముగా గల పదార్థముల నమ్మరాదని మన దేశపు ఆహార ప్రమాణ సంస్థ 2020లో నిబంధన చేసినది. పై తరగతుల విద్యార్థులు టేపు తీసికొని గేటునుండి కొలిచి, పటము గీచినచో భూగోళమునకును గణితమునకును మంచి యభ్యాసమగును. మఱియొక లెక్క కూడ జేయవచ్చును. రోజుకు 1600 కెలోరీలు తిను బాలునకు అందు పదవ వంతుకు మించి చేర్చిన చక్కెరనుండి రారాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గ్రాము చక్కెరకు 4 కెలోరీలు గనుక హద్దు 40 గ్రాములు. 300 మిల్లీలీటర్ల కోలా సీసా యొక్కటే 30 గ్రాములకు పైగా మ్రింగివేయును. ఉదయపు పాలలోని చక్కెర ఎచ్చటికి బోవలెను?

తలిదండ్రులకు రెండు మాటలు. ఎదుగు బిడ్డకు పస్తులు పెట్టకుడు. బరువు నిలుకడగా నుండి పొడవు పెరిగినచో చాలవఱకు దానంతట నదియే సర్దుకొనును. మార్కులకు బహుమతిగా మిఠాయి నీయక, సాయంకాలము తాతగారితో నడకకు బంపుడు. ఇంటిల్లిపాదియు ఒకే వంట తినవలెను. లావుగా నున్న బిడ్డకు రాగిసంకటి, మిగిలినవారికి పూరీలు అన్నచో ఆ సంకటి వానికి శిక్షగా దోచును. చిరుధాన్యముల పేర నమ్ముడగు పొట్లములను గూడ పరికించి కొనుడు. రాగితో చేసినదైనను బిస్కెట్టు బిస్కెట్టే.

5 మొదలు 17 ఏండ్ల వారికి దినమునకు సగటున 60 నిమిషముల శ్రమ కావలెనని వైద్యశాస్త్రము చెప్పుచుండగా, పదవ తరగతి రాగానే డ్రిల్లు గంటను లెక్కల గంటగా మార్చుట అనేక పాఠశాలలలో ఆచారమైనది. దీనిని కోరువారు తలిదండ్రులే యనుటయు నిజము. ఉపాధ్యాయులును తలిదండ్రులును గలిసి కూర్చుండి ఆ గంటను విడిపింపవలెను. ప్రతి సంవత్సరము పిల్లల పొడవును బరువును కొలిచి వ్రాయుట మంచిదే. కాని తలుపు వేసి ఒక్కొక్కరినే కొలిచి, ఆ కాగితమును కవరులో మూసి యింటికి బంపవలెను. తరగతిలో బిగ్గరగా చదువరాదు.